మధ్యలో నిలిచిన ముల్లు

మా చెల్లెలు కారెక్కితే ముందు చూసేది రోడ్డుని కాదు, నన్నూ కాదు. నా ఎదురుగా మీటరు బోర్డులో ఇంజను వేడి చూపించే ముల్లుని. ఎడమ సీట్లో కూర్చుని, మెడ కాస్త ఇటు వంచి, పరీక్ష హాల్లో పిల్లలని కనిపెట్టినట్టు దాన్ని కనిపెట్టి ఉంటుంది. ముప్పై ఏళ్ళ పైన బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి. ఆ చూపుకి నేనే తట్టుకోలేను, ముల్లెంత.

అలా చూడ్డానికి కారణం ఉంది. నలభై ఏళ్ళ కిందటి మాట. ఎదుర్లంక వంతెన ఇంకా లేదు, గోదావరి దాటాలంటే పంటు ఎక్కాల్సిన రోజులు. నేను ఒకాయన టాక్సీ నడిపేవాణ్ణి. ఆ బండి మీటరు బోర్డులో ఒక్క ముల్లూ కదిలేది కాదు. బాగుచేయించండి బాబూ అంటే, "డ్రైవరన్నాక ముక్కూ చెవులూ ఉండొద్దా, ముల్లెందుకురా నీకు" అనేవాడు ఓనరు. ఈ రోజుకీ ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అమ్మకి గుండెల్లో నొప్పి వచ్చినప్పుడు ఆయన్ని బతిమాలి ఆ బండే తీసుకుని కాకినాడ బయలుదేరాను. వెనక సీట్లో అమ్మ, అమ్మ తల ఒళ్ళో పెట్టుకుని చెల్లెలు. కోరంగి దాటి అర కిలోమీటరు పోయామో లేదో ఇంజను ఒక్క మూలుగు మూలిగి పట్టేసింది. రేడియేటర్లో చుక్క నీళ్ళు లేవు. బస్సు ఆపి, అమ్మని చేతుల మీద ఎక్కించి తీసుకెళ్ళాం. మర్నాడు పొద్దున్న అమ్మ పోయింది. ఓ గంట ముందు తెచ్చుంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు, మేం అడగలేదు. ఆ తరవాత నేనూ చెల్లెలూ ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. కానీ ముల్లు కదలని బండి తను మళ్ళీ ఎక్కలేదు.

మూడేళ్ళ కిందట తన మూత్రపిండాలు పనిచెయ్యడం మానేశాయి. నా భార్య ఎప్పుడో పోయింది, తను పెళ్ళే చేసుకోలేదు, యానాం ఫరంపేటలో ఒకే ఇంట్లో ఉంటాం. మంగళవారం, శుక్రవారం కాకినాడలో డయాలిసిస్. పొద్దున్న పదకొండింటికి ఎక్కిస్తే నాలుగు గంటలు పడుతుంది. ఒకసారి తుఫాను వానకి రోడ్డు మునిగి రెండు రోజులు ఆలస్యమైంది. తను మంచం మీద కూర్చుని, రెండు చేతులూ పరుపుకి ఆన్చి, మునిగిపోతున్న మనిషిలాగ గాలి కోసం నోరు తెరిచింది. ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కింది. గుమ్మంలో నిలబడి విన్న ఆ గురగుర శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అప్పట్నించీ నా బతుకులో పని ఒక్కటే. వారానికి రెండుసార్లు కారు యానాంలో బయలుదేరి కాకినాడలో ఆగాలి, మధ్యలో ఆగకూడదు.

కారు చిన్నది, పాతది. రొయ్యపిల్లల వ్యాపారం చేసే ఒకాయన వాడి వాడి వదిలేశాడు. మా గాలిలో ఉప్పుకి తలుపు బందులే ఆగవు, మీటరు బోర్డులో సన్నటి రాగి గీతలు ఎలా ఆగుతాయి? పోయిన ఎండాకాలం మొదట్లో స్పీడు ముల్లు చచ్చింది. వారం తిరక్కుండా వేడి ముల్లు చచ్చింది. ఇక తను ఆ కారెక్కదు గనక బాడుగ కారు మాట్లాడి తిప్పాను, ఎన్నాళ్ళో మోయగలిగే ఖర్చు కాదది. షోరూముకి వెళ్తే అక్కడి కుర్రాడు కంప్యూటర్లో చూసి, "ఆ బోర్డు ఇప్పుడు తయారవట్లేదండీ, బండి మార్చేయండి" అన్నాడు, నన్ను కూడా మార్చెయ్యాలన్నట్టు చూస్తూ. ఎవణ్ణడిగినా పారెయ్యమనేవాడే. బాగుచెయ్యడం అనే పని ఈ దేశంలో ఎప్పుడు చచ్చిపోయిందో నాకెవరూ చెప్పలేదు. చెప్పుంటే భూస్థాపనకైనా వెళ్ళేవాణ్ణి.

కాకినాడ తుక్కు కొట్లో అదే కంపెనీ తరవాత తీసుకొచ్చిన కారుది, కొత్తరకం బోర్డు ఒకటి దొరికింది. అంకెలు పెద్దవి, వెనక నించి తెల్లటి వెలుగు. నా కళ్ళకి కూడా అదే మేలు. మా ఊళ్ళోనే అగ్రహారంలో ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్‌కి చూపించాను. తాళ్ళరేవు నించి వచ్చి పాతికేళ్ళుగా ఇక్కడే కొట్టు పెట్టుకున్న మనిషి.

"మావయ్యగారూ, ఇది మీ బండికి తమ్ముడి బండిదండీ. చొక్కా ఒకటే గానీ కాజాలు వేరే చోట ఉంటాయి" అన్నాడు.

"కాజాలు నేను కుట్టుకుంటాలే."

"ఆయ్, మీరు కుడతారండి, నాకు తెలీదా. పెట్టాక మాత్రం ఓసారి ఇలా పట్టుకొచ్చి చూపించండి. సెన్సార్లు ఆ బోర్డుకీ మీ బండికీ ఒకటవునో కాదో."

నేను చూపించలేదు. ఎందుకు చూపించలేదో కూడా రాసెయ్యాలి. నేను అయిదో తరగతిలో బడి మానేశాను. మానేశాను అంటే నా ఇష్టమేం కాదు, కూలి డబ్బులతో ఇద్దరిలో ఒకళ్ళనే చదివించగలిగారు మావాళ్ళు. చెల్లెలు వదిలేసిన సైన్సు పుస్తకాలే నా బడి. కరెంటు ఎలా పారుతుందో, అడ్డు పెడితే ఎలా తగ్గుతుందో ఆ పుస్తకాల్లో బొమ్మలు చూసి నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు స్పేరు పార్టుల డబ్బాల మీద నేర్చుకున్నాను. ఇంత నేర్చుకున్నవాణ్ణి, ఇంకొకడి కొట్టు ముందు బండి ఆపి 'కాస్త చూడవయ్యా' అనడానికి నాకు నోరు రాలేదు.

పాత బోర్డుకి రకరకాల తీగలు విడివిడిగా వచ్చేవి. కొత్తదానికి పదహారు కాళ్ళున్న తెల్లటి ప్లగ్గు ఒక్కటే. ఏ తీగ ఏ కాలికి పోవాలో ఒక్కొక్కటే మల్టీమీటరు పెట్టి చూసి నోటు పుస్తకంలో రాసుకున్నాను. నా రాత నాకే అర్థం కాదని చెల్లెలు దాన్ని సాపు చెయ్యడానికి కూర్చుంది.

"ఇదేవిటన్నయ్యా, రొయ్య రంగు తీగ? పచ్చి రొయ్యా, ఉడికిన రొయ్యా?"

"ఉడికిందే."

"అయితే నారింజ అని రాయొచ్చుగా. ఈ బురద రంగు?"

"అడవిపొలం చెరువు గట్టు మీద బురదుంటుందే, ఆ రంగు."

"నా జన్మలో ఇలాంటి జవాబు పత్రం దిద్దలేదు" అంది. నవ్వి నవ్వి ఆయాసపడింది. ఆ ఆయాసం వినగానే నా చేతిలో కటింగు ప్లేయరు ఆగిపోయింది. ఈ మధ్య తన నవ్వు విన్నా నాకు భయమే.

ఎనిమిది రోజులు పట్టింది. స్పీడుకి పాత కేబులు పనికి రాదు గనక ఆ తుక్కు కారు నించే సెన్సారు తెచ్చి గేరు బాక్సుకి బిగించాను. తాళం తిప్పగానే బోర్డు మొత్తం ఒక్కసారి వెలిగి, దీపాలు వరసగా ఆరిపోయాయి. నాకు ఎనిమిదేళ్ళు తగ్గినట్టనిపించింది.

ఆ సంతోషం సుంకరపాలెం దాటేవరకే. వేడి ముల్లు లేచింది, లేచింది, ఎర్ర గీతకి గోరంత ఎడంలో ఆగింది.

"అన్నయ్యా, ముల్లు."

"అది కొత్తది, అలాగే ఉంటుంది. ఇంజను చల్లగానే ఉంది."

"చల్లగా ఉంటే అంత పైకి ఎందుకెక్కుతుంది?"

బండి ఆపి, బానెట్ ఎత్తి, పైపు మీద చెయ్యి పెట్టి చూపించాను. ఎప్పుడూ ఉండే వేడే. చెల్లెలు తల ఊపింది గానీ తన చెయ్యి సీటు అంచుని వదల్లేదు. కాకినాడ వెళ్ళేవరకు అలాగే పట్టుకుని కూర్చుంది. అక్కడ బీపీ చూసిన నర్సు రెండోసారి చూసింది, మూడోసారి చూసింది. "ఏంటి టీచరుగారూ, వాళ్ళతో వీళ్ళతో గొడవ పడి వస్తున్నారా?" అంది.

తరవాతి శుక్రవారం తను బస్సులో వెళ్తానంది. వెళ్ళింది. వెనక నేను ఖాళీ కారు నడుపుకుంటూ బస్సుని వెంబడించాను. డయాలిసిస్ అయ్యాక తనని నిలబెడితే నిలబడదు, కూర్చోబెడితే కూర్చోదు. తిరుగు బస్సులో సీటు దొరక్క తాళ్ళరేవు దాకా కమ్మీ పట్టుకుని వచ్చిందట. దిగేసరికి సూది పెట్టిన చేతికి కట్టిన పట్టీ తడిసి ఎర్రగా ఉంది. నా కారులో ఎందుకు రాలేదని నేను అరవలేదు. అరిచే హక్కు నాకు లేదనిపించింది.

ఆ రాత్రి కాదు, మర్నాడు మధ్యాహ్నం నేను చేసిన పని ఇది. ఇంజను వేడి కొలిచే మా బండి సెన్సారూ కొత్త బోర్డూ ఒకదాని భాష ఒకటి ఎరగవు. పాత సెన్సారులో కరెంటుకి అడ్డు తక్కువ, అందుకని కొత్త బోర్డు ఇంజను కాలిపోతోందనుకుంటోంది. ఆ అడ్డు కాస్త పెంచితే సరి. కరెంటుని అడ్డగించే ఓ చిన్న రెసిస్టెన్సు ముక్క తీసుకుని తీగ మధ్యలో కలిపి, టేపు చుట్టి, డ్యాష్‌బోర్డు లోపలికి తోసేశాను. ఇంజను బాగా వేడెక్కేవరకు తిప్పాను. ముల్లు సరిగ్గా మధ్యలో వచ్చి నిలబడింది.

"ఏం చేశావు?" అంది.

"సరిచేశాను."

అంతే అడిగింది, అంతే చెప్పాను. మంగళవారం కారెక్కింది. ముల్లు మధ్యలో, తను సీటుకి ఆనుకుని. కోరంగి దగ్గర కళ్ళు మూసుకుని కాసేపు నిద్రపోయింది కూడా. నలభై ఏళ్ళలో ఆ చోటుని తను నిద్రలో దాటడం అదే మొదలు. బీపీ ఒక్కసారి చూసి రాసుకుంది నర్సు.

మూడు వారాలు అలా గడిచాయి. ఒక గురువారం అన్నం తిని అరుగు మీద నడుం వాల్చాను. పక్కింటివాళ్ళు రొయ్యల చెరువు మోటారు విప్పి ఏదో వాదించుకుంటున్నారు. వాళ్ళ లెక్క వింటూ వింటూ నా లెక్క నాకు గుర్తొచ్చింది. లేచి కూర్చున్నాను. ఇంజను వేడెక్కేకొద్దీ సెన్సారులో అడ్డు తగ్గుతుంది, తగ్గేకొద్దీ ముల్లు లేస్తుంది. కానీ నేను కలిపిన రెసిస్టెన్సు ఎంత వేడికీ తగ్గదు. సెన్సారు మొత్తం సున్నా అయిపోయినా నేను పెట్టిన అడ్డు అక్కడే ఉంటుంది. అంటే ఇంజను కాలి పట్టేసినా ముల్లు మధ్యని దాటి పెద్దగా లేవదు. ముల్లు కదలని టాక్సీ కంటే ఇది అన్యాయం. అది నాకేం తెలీదని చెప్పేది. ఇది అంతా బాగుందని చెబుతోంది.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే తీసేద్దామని డ్యాష్‌బోర్డు కింద తల పెట్టాను. "మళ్ళీ ఏమైంది దానికి?" అంది చెల్లెలు గుమ్మంలోంచి. ఆ గొంతులో ఉన్నది విని, "ఏం లేదు, దుమ్ము" అన్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక తీద్దామనుకున్నాను. ఆదివారం తను హాయిగా ఉంది. వచ్చే వారం అనుకున్నాను. ఇలా ఎన్ని వారాలో నేను రాయలేను, సిగ్గుగా ఉంది.

ఆ వారాల్లో నేను కారు నడిపిన తీరు నాకే తెలుసు. కళ్ళు రోడ్డు మీద, ముక్కు ఇంజను మీద. ఇంజను చల్లబరిచే కూలెంట్ కారినా తియ్యటి వాసనే గనక, ఎక్కడో చెరకు రసం బండి వాసన వస్తే అద్దం దించి ముక్కు బయట పెట్టేవాణ్ణి. లారీ పక్కనించి పోతే దాని వేడిగాలి మా ఇంజనుదేమో అనుకునేవాణ్ణి. బయలుదేరే ముందు ప్రతిసారీ పైపులన్నీ తడిమేవాణ్ణి. పక్కన తను ముల్లు చూస్తూ, చిన్నప్పటి కబుర్లు చెబుతూ, నిశ్చింతగా ఉండేది. ఆ నిశ్చింత నేను చేసిన దొంగ సరుకు. ఆ ఓనరు ముక్కూ చెవులూ అన్నప్పుడు ఒళ్ళు మండినవాణ్ణి, చివరికి నా ముక్కునీ చెవులనీ నమ్ముకుని తనని తిప్పుతున్నాను.

ఎండలు ముదిరాక ఒక మంగళవారం, తాళ్ళరేవు దాటాం. తియ్యటి వాసన వచ్చింది, కాచిన పానకంలాగ. ఈసారి చెరకు బండి ఎక్కడా లేదు. యాక్సిలరేటరు మీద కాలు వదిలేశాను.

"ఏంటి నెమ్మది చేశావు?"

"ఏదో వాసన."

చెల్లెలు ముందుకి వంగి చూసింది. "ముల్లు మధ్యలోనే ఉందిగా. పద, ఇప్పటికే పదవుతోంది."

నేను మళ్ళీ కాలు నొక్కాను. ఆ సంగతి రాయడానికే ఇదంతా రాస్తున్నాను. ముల్లు అబద్ధమని భూమ్మీద తెలిసింది నా ఒక్కడికే. అయినా తన మాట విని, ఇంకో కిలోమీటరు, బహుశా రెండు, పోయాను. ఇంజను శబ్దంలో సన్నటి గరగర మొదలైంది. నలభై ఏళ్ళ కిందట విన్నదే. అప్పుడు పక్కకి తీసి తాళం ఆపేశాను. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

చెల్లెలు ఆవిరినీ ముల్లునీ మార్చి మార్చి చూసింది.

"ఇదేంటి, మధ్యలోనే ఉంది?"

"అది అబద్ధం చెబుతోంది అమ్మాయ్. నేనే చెప్పించాను."

 తలుపు తీసి రోడ్డు పక్కన నిలబడింది. మేం ఆగిన చోటుకి కోరంగి కనిపిస్తూనే ఉంది. ఇద్దరం అటు చూడలేదు.

బస్సులు చెయ్యెత్తినా ఆగకుండా కిక్కిరిసి పోతున్నాయి. ఆటోలు ఎదురు దిక్కున పోతున్నాయి. చివరికి రొయ్యలు కాకినాడ తోలుకెళ్ళే వ్యాను ఆగింది. ముందు సీటు ఒక్కటే ఖాళీ. "ఎక్కండమ్మా, అరగంటలో దింపేత్తాను. తవరు వెనకాల ఐసు మీద కూకుంటారా తాతగారూ?" అన్నాడు డ్రైవరు. పక్కకి తీసినా కారు సగం రోడ్డు మీదే ఉంది, వదిలి పోవడానికి లేదు. చెల్లెల్ని ఎక్కించాను. వ్యాను వెనక కారుతున్న ఐసు నీళ్ళ వంక తను చూసిన చూపు నేను చూశాను. రోజుకి రెండు గ్లాసులు మించి నీళ్ళు తాగకూడని మనిషి, ఆ ఎండలో. తలుపు వేశాను. నా వంక చూడలేదు.

గంటా నలభై నిమిషాలు ఆ రోడ్డు పక్కన నిలబడ్డాను. ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. వాళ్ళు ఆలస్యమైందని ఇంకొకరిని మంచమెక్కించి ఉంటే? ఆ మెట్లు ఒక్కతే ఎక్కలేక మధ్యలో కూలబడి ఉంటే? రేడియేటరు కింది పైపు దగ్గర పగిలిన చోటు కనిపించింది, గోరంత. తడిమేటప్పుడు నా వేలికి అందని వైపు.  ప్రార్థన చేద్దామనుకున్నాను. అడగడానికి మొహం లేదు.

పన్నెండు దాటాక ఫోను మోగింది.

"ఎక్కించారు. నాలుగు గంటలు కుదరదట, మూడే ఇస్తారట. శుక్రవారం దాకా నీళ్ళు తగ్గించి తాగాలి" అంది.  "నీళ్ళ సీసా నీ దగ్గరుందా?"

"ఉంది."

"అయితే నువ్వు తాగు" అని పెట్టేసింది.

మర్నాడు పొద్దున్న, లారీకి కట్టి ఇంటికి లాక్కొచ్చిన కారు ముందు నేల మీద గ్యాసు పొయ్యి పెట్టాను. సెన్సారు విప్పి, పొడుగాటి తీగలు కట్టి, గిన్నె నీళ్ళలో వేలాడదీశాను. రొయ్యల చెరువువాళ్ళ థర్మామీటరు అడిగి తెచ్చాను గానీ అది యాభై దాటి చూపించదు. సలసల మరిగే నీళ్ళంటే కాగిపోయిన ఇంజనంత వేడి, థర్మామీటరు ఎందుకులే అనుకున్నాను. చెల్లెలు తన సీట్లో కూర్చుంది, నేను రమ్మనకుండానే. మూడు గంటలే ఇచ్చినందుకు మొహం కాస్త ఉబ్బి ఉంది.

"మరుగుతోంది. ముల్లెక్కడుంది?"

"మధ్యలో. కొంచెం పైన."

డ్యాష్‌బోర్డు కిందికి వంగి టేపు విప్పి, రెసిస్టెన్సు తీసేసి, తీగలు నేరుగా కలిపాను. "ఇప్పుడు?"

తను ముందుకి వంగి ముల్లు ఎక్కడం చూసింది. తరవాత, "ఎర్ర గీత దాటింది" అంది.

కారు పక్కన నేల మీద కూర్చున్నాను. తను తలుపు తీసి కాళ్ళు బయట పెట్టుకుని కూర్చుంది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి.

"లెక్క తప్పు చేసి, జవాబు మాత్రం నాకు నచ్చేది రాశావు" అంది.

"నువ్వు భయపడుతున్నావని."

"భయపడతాను. భయపడే కదా చూసేది. నన్ను భయపడనియ్యవా?" గొంతు పెంచలేదు. "అప్పుడు అమ్మతో వెళ్తుంటే నాకు వాసన వచ్చింది అన్నయ్యా. నువ్వు నడుపుతున్నావు కదా, నీకు తెలిసే ఉంటుందిలే అని నోరు మూసుకున్నాను."

నలభై ఏళ్ళూ ఆ బరువు నా ఒక్కడిదే అనుకున్నాను.  పొయ్యి ఆపాను.

పైపు మార్చి, సెన్సారు తిరిగి బిగించి, శుక్రవారం బయలుదేరే ముందు కారుని తీసుకెళ్ళి అగ్రహారం కొట్టు ముందు ఆపాను. "కాస్త చూడవయ్యా" అన్నాను. ఆయన తీగలన్నీ చూశాడు. "అన్నీ బానే కుట్టారండీ. ఈ ముల్లుకి సరైన సెన్సారు దొరికేదాకా ఇలాగే పైకి ఉంటాదండి. మామూలుగా ఎక్కడుంటుందో గుర్తు పెట్టుకోండి, అది దాటితే ఆపెయ్యండి" అన్నాడు. ఒక్క మాట. మొదట్లోనే అడిగుంటే ఒక్క మాట.

తను సంచీలోంచి డయాలిసిస్‌లో సూది మీద అంటించే తెల్ల ప్లాస్టరు చుట్ట తీసింది. పళ్ళతో సన్నగా చింపి, ఇంజను వేడెక్కి ముల్లు నిలిచాక, సరిగ్గా దాని మొన మీద అద్దానికి అంటించింది.

"ఇక్కడిదాకా మనది" అంది.

ఎర్ర గీతకీ ఆ ప్లాస్టరుకీ మధ్య ఎంత చోటుందో చూశాను. నా చిటికెన వేలి గోరంత. ఇప్పుడు ఇద్దరం దాన్నే చూస్తూ వెళ్తాం. ఎండగా ఉన్న రోజు ముల్లు ప్లాస్టరు అంచుని తాకి వణుకుతుంది. తను సీటు అంచు పట్టుకుంటుంది. నేను కాలు వదులుతాను. కోరంగి దాటేవరకు ఇద్దరం మాట్లాడం. బీపీ ఎక్కువే ఉంటోంది. నర్సు రెండుసార్లు చూసి రాసుకుంటోంది.